ఐసులో మందు, బల్లమీద ఉప్పునీళ్లు

ఒంట్లోంచి తీసిన గుండె బయట కొట్టుకోవడం మొదటిసారి చూసినవాళ్లు ఒకడుగు వెనక్కి వేస్తారు. కొందరు తేరుకుని నవ్వుతారు. కొందరు ఫొటో తీసుకోవచ్చా అని అడుగుతారు. ఏమీ అనకుండా చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లే ఈ పనిలో ఎక్కువ కాలం ఉన్నారని నా అనుభవం.

అది ఎలుక గుండె. చిన్న రేగుపండంత ఉంటుంది. ఎలుకకు మత్తిచ్చి, గుండె తీసి, దాని పెద్ద రక్తనాళాన్ని ఒక గాజు గొట్టానికి దారంతో కట్టి వేలాడదీస్తాం. పైనుంచి ఆక్సిజన్ కలిపిన వెచ్చటి ఉప్పునీళ్లు పంపితే, ఆ గుండె ఎవరి ఒంట్లోనూ లేకుండానే కొన్ని గంటలపాటు కొట్టుకుంటుంది. ఉద్యోగంలో ఎక్కువ భాగం నేను చేసిన పని ఇదే. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వైపు వెళ్లే సందుల్లో ఒక నాలుగంతస్తుల భవనం పై అంతస్తులో మా ల్యాబ్ ఉండేది.

చదువుకునే రోజుల నుంచి డైరీ రాయడం నాకు అలవాటు. ఇది రాయడానికి ఆ కాలపు డైరీలు తిరగేశాను. వాటిలో ఎక్కువగా కరెంటు పోయిన వేళలు, గది ఎంత వేడిగా ఉందో, ఎవరు సెలవు పెట్టారో ఉన్నాయి. ఈ పని ఎలాంటిదో మాత్రం వాటిలో లేదు. కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను అడిగేది అదే కాబట్టి విడిగా రాస్తున్నాను. ప్రమోషన్లు, కమిటీలు, ఢిల్లీ ప్రయాణాలు వదిలేస్తున్నాను. ఒక్క ప్రయోగం గురించి, దాన్ని చేసిన అమ్మాయి గురించి చెబుతాను.

విషమే మందు అనుకున్న రోజులు

గుండెపోటు వచ్చినవాళ్లకు నాలుక కింద పెట్టుకోమని ఇచ్చే చిన్న మాత్ర మీరు చూసే ఉంటారు. అది ఒంట్లోకి వెళ్లి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతుంది. ఆ వాయువు రక్తనాళాలను సడలిస్తుంది. ఆ మాత్రను వాడడం మొదలుపెట్టి చాలాకాలమయ్యాక గానీ అది ఎలా పనిచేస్తుందో తెలియలేదు. తెలిసిన తర్వాత మా రంగంలో ఒక తలుపు తెరుచుకుంది. శరీరం తనకు తానే కొన్ని వాయువులు తయారు చేసుకుంటోందని, కణాలు వాటి ద్వారా ఒకదానికొకటి సమాచారం పంపుకుంటున్నాయని తేలింది.

ఆ వాయువులన్నీ మనకు బయట విషాలుగా తెలిసినవే. పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర నిలబడితే గొంతులోకి వచ్చే పొగలో నైట్రిక్ ఆక్సైడ్ ఉంది, కార్బన్ మోనాక్సైడ్ ఉంది. మురుగునీటి నాలా పక్కనుంచి పోయేటప్పుడు ముక్కు మూయించేది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఇవే అతి కొద్ది మోతాదులో ఒంట్లో ఉంటే కాపాడతాయని ప్రపంచమంతా రాయడం మొదలుపెట్టింది.

కాపాడడం అంటే ఏమిటో చెప్పాలి. గుండెకు రక్తం తెచ్చే నాళం పూడుకుపోతే, దాని కిందున్న కండరం ఊపిరాడక చావడం మొదలవుతుంది. ఎంత త్వరగా నాళం తెరిస్తే అంత కండరం మిగులుతుంది. అయితే తెరిచిన క్షణాన ఒక్కసారిగా దూసుకొచ్చే రక్తం కూడా కొంత హాని చేస్తుంది. ఆకలితో పడి ఉన్న మనిషికి ఒకేసారి కడుపునిండా పెట్టినట్టు. ఈ రెండు చావుల నుంచీ కొంత కండరాన్ని వాయువు దక్కించగలదేమోనన్నది ఆశ. చచ్చిన గుండె కండరం మళ్లీ మొలవదు. కాబట్టి ఆ ఆశ చిన్నదేమీ కాదు.

కింద జావా, పైన గుండెలు

అమీర్‌పేట అప్పుడు ఎలా ఉండేదో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. గోడల మీద, కరెంటు స్తంభాల మీద, ఆటోల వెనక అన్నీ కోర్సుల కాగితాలే. మా కింది అంతస్తులో జావా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పే ఒక కోచింగ్ సెంటర్ ఉండేది. గదికి పట్టనంత మంది కూర్చునేవాళ్లు, తలుపు బయట నిలబడి కూడా రాసుకునేవాళ్లు. దాన్ని నడిపే శ్రీనివాస్ వరంగల్ మనిషి, హుషారైనవాడు. మేము హైడ్రోజన్ సల్ఫైడ్ మొదలుపెట్టిన వారంలోనే పైకొచ్చాడు.

"సార్, మీది ల్యాబా, ఎగ్ పఫ్ బండా?"

నేను క్షమించమన్నాను.

"క్షమాపణ నాకెందుకు సార్. నా పోరగాళ్లు ఒకల్నొకలు చూసుకుంటున్నరు. నువ్వంటే నువ్వని కొట్టుకుంటున్నరు. నేను ఆబ్జెక్టుల గురించి చెప్తుంటే ఎవలికి ఎక్కుతది?"

పొగ గొట్టాన్ని మార్చి, భవనం వెనకవైపు మిద్దె మీదికి పంపించాం. ఆ తర్వాత అతను స్నేహితుడయ్యాడు. మెట్ల మీద మా ల్యాబ్ అమ్మాయి రిజ్వానా కనిపిస్తే మాత్రం వదిలేవాడు కాదు.

"చెల్లే, ఎన్నేండ్లయింది నువ్వు ఎలుకలు పట్టబట్టి? నాలుగు నెలలు మా దగ్గర టెస్టింగ్ నేర్చుకో. మాదాపూర్‌ల ఏసీల కూసుంటవు."

"మీ కంప్యూటర్ల గుండె ఉండదన్నా," అనేది ఆమె.

"జీతం ఉంటది గదా."

రిజ్వానా మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఇల్లు ఎర్రగడ్డలో. వాళ్ల నాన్న గౌస్ భాయ్‌కి అక్కడే రైతుబజార్ దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న షాపు. ఆయనకు అంతకుముందే ఒకసారి గుండెపోటు వచ్చింది. నొప్పి మొదలయ్యాక కూడా చేతిలో ఉన్న మిషన్ పూర్తిచేసి గానీ లేవలేదట. ఆసుపత్రికి చేరేసరికి చాలా ఆలస్యమైంది. ప్రాణం దక్కింది గానీ, గుండెలో ఒక భాగం పోయింది. అప్పటినుంచి మెట్లెక్కలేడు. సాయంత్రం కూతుర్ని తీసుకుపోవడానికి స్కూటర్ మీద వచ్చి కిందే కూర్చునేవాడు. నేను దిగివెళ్లినప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

"సాబ్, మా బేటీ మందు ఎంతదాంక వచ్చింది? జర జల్దీ చెయ్యుండ్రి. మా షాపుకొచ్చే ముసలోళ్లందరికి చెప్పి పెట్టిన. లైన్ల నిలబడ్డరు."

నవ్వుతూనే అనేవాడు. చొక్కా జేబు మీద మాత్రం చెయ్యి ఉండేది. నాలుక కింది మాత్రలు అందులోనే ఉంచుకునేవాడు.

మా డైరెక్టర్ డాక్టర్ సుబ్రహ్మణ్యం గారిది గుంటూరు వైపు. నేను ఎవరెవరి కింద పనిచేశానో వాళ్లలో తెలివైనవారు, తొందరపాటు మనిషి. ఆయన్ని చెడ్డవాడిగా చూపడం సులువు, కానీ అది నిజం కాదు. ఆ ల్యాబ్‌ను ఆయన ఖాళీ గది నుంచి కట్టుకొచ్చారు. నిధుల కోసం తలుపు తలుపూ తట్టేవారు. అలా తట్టీ తట్టీ, మంచి వార్త ఉంటేనే తలుపు తీస్తారని నమ్మే స్థితికి వచ్చారు. మా రంగంలో చాలామంది పెద్దలకు పట్టే జబ్బు ఇదే. కొత్తవాళ్లు దాన్ని ముందుగానే గుర్తుపట్టడం మంచిది.

ఎర్రటి ముక్కలు

ప్రయోగం ఇలా ఉండేది. వేలాడే గుండెలో ఒక నాళం కింద దారం పోనిచ్చి అరగంట బిగించేవాళ్లం. అదే గుండెపోటు. తర్వాత దారం వదిలేవాళ్లం. అదే చికిత్స. బిగించడానికి కాస్త ముందు నుంచి వదిలాక కొంతసేపటి దాకా, పక్కనుంచి కలిసే ఒక సన్నని గొట్టం ద్వారా కొన్ని గుండెలకు హైడ్రోజన్ సల్ఫైడ్ వదిలే మందు, కొన్నిటికి ఉత్త ఉప్పునీళ్లు పంపేవాళ్లం. చివర గుండెను సన్నటి ముక్కలుగా కోసి ఒక ద్రావణంలో వేస్తే, బతికిన కండరం ముదురు ఎరుపు పట్టేది. చచ్చింది పాలిపోయి మిగిలేది.

మందు పంపిన గుండెల్లో ఎరుపు స్పష్టంగా ఎక్కువ. వారం తర్వాత వారం అదే. డైరెక్టర్ గారు ఆ ముక్కల పళ్లేన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుగులో తిప్పి తిప్పి చూసేవారు. ఒక మందుల కంపెనీకి కబురు వెళ్లింది. వాళ్లు వచ్చి చూస్తామన్నారు. వాళ్లకు నచ్చితే తర్వాతి మెట్టు పెద్ద జంతువులు, ఆ తర్వాత ఆసుపత్రిలో మనుషులు. రిజ్వానా ఫెలోషిప్ ఆ ఏడాదితో ఆఖరు. ఇంకొక వరుస ప్రయోగాలు పూర్తయితే థీసిస్ సిద్ధం. ఇంట్లో పెళ్లి మాటలు ఆపి పెట్టింది కూడా దాని పేరుమీదే.

ఒక వివరం ఇక్కడ చెప్పాలి. ఈ మందు నీళ్లలో కలిపాక త్వరగా పాడవుతుంది. వెచ్చగా ఉంటే లోపలి వాయువు గాల్లోకి పోతుంది. అందుకని థర్మకోల్ డబ్బాలో ఐసు పోసి మందు సీసాను అందులో ఉంచేవాళ్లం. ఉప్పునీళ్లు పాడయ్యేవి కావు కాబట్టి ఆ సీసా బల్లమీదే ఉండేది. త్వరగా పాడయ్యే మందులన్నిటికీ నాకన్నా ముందున్నవాళ్ల కాలం నుంచి అదే పద్ధతి. ఎవరూ దాన్ని పద్ధతి అని కూడా అనుకోలేదు. పాలు ఫ్రిజ్‌లో పెట్టినట్టు, ఉప్పు గూట్లో పెట్టినట్టు.

ఐసు దొరకని రోజులు

ఆ వేసవిలో మా ఐసు యంత్రం చెడిపోయింది. బాగుచేసే మనిషి రేపు రేపు అంటూ తిప్పాడు. సందు చివర జ్యూస్ బండివాడి దగ్గర కొన్నాళ్లు ఐసు తెచ్చుకున్నాం. ఎండలు ముదిరాక అతనికే చాలలేదు. "మీ ఎలుకలకు ఇస్తే నా గిరాకీకి ఏం పొయ్యాలె సార్?" అన్నాడు. న్యాయమే. మందును అప్పటికప్పుడు కలిపి వాడమన్నాను.

ఐసు లేని రోజుల్లో మందు పంపిన గుండెలు కూడా పాలిపోయాయి.

"మందు పాడైపోయిందండీ. అంతే కదా, యాదగిరి గారూ," అన్నారు డైరెక్టర్ నావైపు తిరిగి.

అంతేనని నేనూ అనుకున్నాను. అందరం అనుకున్నాం. వేడికి వాయువు పోతుందని మాకు ముందే తెలుసు. ఐసు లేదు, వాయువు పోయింది, రక్షణ పోయింది. ఇంతకన్నా శుభ్రమైన కారణం ఎక్కడ దొరుకుతుంది? ఆ రోజుల ఫలితాలు పక్కన పెట్టేశాం. ఇన్నేళ్ల తర్వాత ఒకటి చెప్పగలను. చెడు ఫలితానికి చెప్పే కారణం మనకు ఎంత హాయిగా అనిపిస్తే, దాన్ని అంత అనుమానించాలి.

కొత్త ఐసు యంత్రం వచ్చింది. ఎరుపు తిరిగి వచ్చింది. డైరెక్టర్ గారు అందరికీ ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు.

గాజుకు పట్టిన చెమట

బిస్కెట్లు తిన్న మర్నాడో ఆ మర్నాడో రిజ్వానా నన్ను గుండెను వేలాడదీసే స్టాండు దగ్గరికి పిలిచింది. గుండె కొట్టుకుంటోంది. మందు వెళుతోంది.

"సార్, గీ గొట్టం చూడుండ్రి."

మందు వచ్చే సన్నటి గాజు గొట్టం బయట నీటి బొట్లు పట్టి ఉన్నాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన కూల్‌డ్రింక్ సీసాకు పట్టినట్టు.

"ఐసులోంచి వస్తోంది కదమ్మా, పడుతుంది," అన్నాను.

"పడ్తది సార్. నిన్న ఉప్పునీళ్లు పంపినప్పుడు పట్టలే."

  నేను వేలితో తాకి చూశాను. ఆ సన్నగొట్టం వచ్చి కలిసే చోటికి పైన, పెద్ద గొట్టం గాజు గోరువెచ్చగా ఉంది. కింద, గుండెకు ఆనుకున్న చోట, ఆ వెచ్చదనం తగ్గింది. మా థర్మామీటరు పైన ఉంది. కలిసే చోటు దాని కింద ఉంది. పైన నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయో మాకు ఎప్పుడూ తెలుసు. గుండెకు తగిలేవి ఎంత వెచ్చగా ఉన్నాయో ఎవరమూ చూడలేదు.

రిజ్వానా సన్నని థర్మామీటరు తెచ్చి కింద పెట్టింది. రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపించింది.

గుండె కాస్త చల్లబడితే దాని ఆకలి తగ్గుతుంది. ఆకలి తగ్గితే రక్తం అందకపోయినా ఎక్కువసేపు ఓర్చుకుంటుంది. మా రంగంలో ఇది పాత సంగతి, పాఠ్యపుస్తకంలో ఉన్నదే. కాబట్టి ఆ ఎరుపు వాయువు ఇచ్చింది కావచ్చు, ఐసు ఇచ్చింది కావచ్చు. ఐసు లేని రోజుల పాలిపోయిన గుండెలకూ ఇప్పుడు రెండు కారణాలున్నాయి. మందు చెడి ఉండొచ్చు. లేదా చలి లేకపోయి ఉండొచ్చు.

"ఉప్పునీళ్లను ఐసుల పెట్టి పంపుత సార్," అంది. "మందును పంపే ముందు గోరువెచ్చ చేస్త. తెలుస్తది."

"ఏది తేలితే ఏమవుతుందో తెలుసు కదా నీకు?"

"రాత్రంత గదే లెక్క సార్," అంది. థర్మామీటరు తుడుస్తూ, "అబ్బూ ముసలోళ్లందర్ని లైన్ల నిలబెట్టిండు," అంది.

మిగిలిన ఎలుకలు

ఒక ఇబ్బంది ఉంది. ఆ ఏడాదికి మాకు అనుమతించిన ఎలుకల్లో కొన్నే మిగిలాయి. వాటితో థీసిస్ చివరి వరుస పూర్తి చెయ్యొచ్చు, లేదా ఈ పరీక్ష చెయ్యొచ్చు. రెండూ కుదరవు. కొత్త అనుమతి రావాలంటే ఫెలోషిప్ గడువు దాటిపోతుంది.

డైరెక్టర్ గారి గదిలో ముగ్గురం కూర్చున్నాం.

"ఏంటమ్మా ఇది? కంపెనీవాళ్లు వచ్చే ముందా?" అన్నారాయన. కోపం లేదు, అలసట ఉంది. "చలి వల్ల కొంత వచ్చిందనుకుందాం. మందు వల్ల కొంత వచ్చి ఉంటుంది. లోకమంతా అదే రాస్తోంది కదా. ముందు నీ థీసిస్ చేసుకో. ఈ పరీక్ష తర్వాత ఇంకొకళ్లు చేస్తారు."

"సార్, ఇంకొకలు చెయ్యరు," అంది రిజ్వానా. "మనం రాసినంక ఇంకొకలు మన మీద నమ్మకంతోని పైమెట్టు ఎక్కుతరు."

"మందును వెచ్చబెడితే వాయువు పోతుంది. మళ్లీ అదే సందేహం. ఏం తేలుతుంది?"

దానికి ఆమె సిద్ధంగానే వచ్చింది. మూసిన గొట్టంలోనే, గాలి తగలకుండా, చివరి నిమిషంలో వెచ్చబెట్టే చుట్ట ఒకటి అమర్చింది. దాని చివర మందు తీసి రంగు పరీక్ష చేసింది. వాయువు ఉంటే నీలంగా మారుతుంది. రెండు చిన్న సీసాలు బల్లమీద పెట్టింది. ఒకటి ఐసులోంచి నేరుగా తీసినది, ఒకటి వెచ్చబడి వచ్చినది. రెండూ ఒకటే నీలం.

ఆయన వాటిని చూసి నావైపు తిరిగారు. "మీరేమంటారు, యాదగిరి గారూ?"

ఎలుకల కేటాయింపు మీద సంతకం నాది. అందుకే అడిగారు. నాకు ఆ అమ్మాయి థీసిస్ కావాలి. ఆమె జీవితంలో ఆ ఏళ్లు మళ్లీ రావని తెలుసు. కానీ ఒక ఎలుకను చంపేటప్పుడు, దాని వల్ల మనకు తెలియనిది ఒకటి తెలియాలి. మనకు ఇష్టమైనదాన్ని ఇంకోసారి చూసుకోవడానికి దాన్ని చంపకూడదు. ఉద్యోగమంతా నేను పట్టుకున్న నియమం అదొక్కటే.

"ఆమె ఏది చెయ్యమంటే దానికి సంతకం పెడతానండీ," అన్నాను.

"పరీక్ష," అంది రిజ్వానా. 

రెండు పళ్లేలు

ముక్కలను చూసి కొలిచే మనిషికి ఏది దేనిదో తెలియకూడదు. మా ల్యాబ్‌లో ఈ ఆచారం గట్టిగా ఉండేది. చీటీల మీద పేర్లు నేనే మార్చి, అసలు పేర్లు కవర్లో పెట్టి అతికించాను. ఎవరు చూడాలన్న ప్రశ్న వచ్చినప్పుడు డైరెక్టర్ గారే ముందుకొచ్చారు. "నేను చూస్తాను. నేను చూస్తేనే నాకు నమ్మకం," అన్నారు. ఆ మాటకు ఇప్పటికీ ఆయన్ని గౌరవిస్తాను.

నాలుగు రకాలున్నాయి: చల్లటి మందు, వెచ్చటి మందు, చల్లటి ఉప్పునీళ్లు, వెచ్చటి ఉప్పునీళ్లు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, కిటికీ దగ్గర బల్ల వేయించుకుని కూర్చున్నారు. ఒక్కో ముక్కను పట్టకారుతో ఎత్తి చూసి, ఎర్రగా ఉన్నవి ఒక పళ్లెంలో, పాలిపోయినవి ఇంకో పళ్లెంలో పెట్టారు. తటపటాయించింది చాలా తక్కువ. తేడా అంత స్పష్టంగా ఉంది. కింద శ్రీనివాస్ గొంతు మైకులో వినిపిస్తోంది. రిజ్వానా గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇది మందు, ఇది ఉప్పునీళ్లు," అన్నారాయన రెండు పళ్లేలూ చూపించి. "సందేహమే లేదు. కవర్ తెరవండి."

తెరిచి చదివాను. ఎర్ర పళ్లెంలో ఉన్నవన్నీ చల్లగా పంపినవి. వాటిలో సగం ఉత్త ఉప్పునీళ్లు. పాలిపోయిన పళ్లెంలో ఉన్నవన్నీ వెచ్చగా పంపినవి. వాటిలో సగం మందు.

ఆయన మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను. ఎర్ర పళ్లెంలోంచి రెండు ముక్కలు తీసి పక్కపక్కన పెట్టుకుని, వంగి చాలాసేపు చూశారు. ఒకటి మందుది, ఒకటి ఉప్పునీళ్లది. ఆ రెంటి మధ్యా ఆయనకు గానీ నాకు గానీ ఏ తేడా కనిపించలేదు.

"కంపెనీవాళ్లకు నేనే ఫోన్ చేస్తాను," అని లేచారు. తలుపు దగ్గర ఆగి, "అమ్మాయ్, ఇంటికి వెళ్లు. అన్నం తిను," అన్నారు.

ఆ తర్వాత ఆయన కొన్ని నెలలపాటు మా ఇద్దరితో అవసరానికి మించి మాట్లాడలేదు. కంపెనీ మళ్లీ రాలేదు. ఫెలోషిప్ అయిపోయింది. రిజ్వానా ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతూ, వేరే అంశం మీద మళ్లీ మొదలుపెట్టింది. డాక్టరేట్ వచ్చింది, ఆలస్యంగా. ఆ ఆలస్యానికి ఏం చెల్లించిందో ఆమెకు తెలుసు. మంచి పని చేసినవాళ్లకు మంచే జరుగుతుందని మీకు చెప్పడానికి ఇది రాయడం లేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ వాయువు ఎక్కడా పనిచేయదని మేము కనిపెట్టలేదు. జాగ్రత్తగా చేసినవాళ్లు దాన్ని ఇంకా వెతుకుతున్నారు, కొందరికి మంచి ఆధారాలే దొరికాయి. మనిషికి ఇచ్చే మందుగా నిలబడడానికి మాత్రం చాలా దూరం ఉంది. మా స్టాండు మీద మేము చూసింది చలిని. దానికి వాయువు పేరు పెట్టుకున్నాం. మీ ప్రయోగంలో మందుకు ఏ మర్యాద చేస్తే, మందు కానిదానికీ అదే మర్యాద చేయండి. ఒకటి ఐసులో ఉంటే రెండోదీ ఐసులో ఉండాలి. వినడానికి ఇది పాఠంలాగా కూడా ఉండదు. దీన్ని నేర్చుకోవడానికి మాకు ఒక అమ్మాయి చదువు ఖర్చయింది.

ఎర్రగడ్డలో

పళ్లేలు చూసిన ఆ సాయంత్రం గౌస్ భాయ్ ఎప్పటిలాగే కింద స్కూటర్ మీద ఉన్నాడు. రిజ్వానాతో పాటు నేనూ దిగాను. ఆమె దాచలేదు.

"అబ్బూ, మందు పనిచెయ్యలే. గదంత ఐసు పని."

ఆయనకు సగమే అర్థమైంది. ఆ సగం చాలు. స్కూటర్ హ్యాండిల్ రుద్దాడు.

"షాపుల అందరికి చెప్పిన బేటీ నేను."

"నేను చెప్త. నేనే వచ్చి చెప్త."

"నువ్వెందుకు? నేనే ఏదో చెప్తలే."

"ఏదో చెప్పొద్దు అబ్బూ."

ఆదివారం నేనూ వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకు సరిగా తెలియదు. ఆమె ఒక్కతే కూర్చోకూడదనిపించింది. రైతుబజార్ రద్దీలో ఆ షాపు ఒక తలుపంత వెడల్పు ఉంటుంది. వాళ్ల నాన్న మిషన్ విప్పుతుంటే, ఆమె పక్కన స్టూలు మీద కూర్చుంది. వచ్చిన ప్రతివాళ్లూ అడిగారు. మందు వచ్చిందా బిడ్డా, డాక్టరమ్మవు అయినవా, పేపర్ల వేసిండ్రా. ఆమె ప్రతివాళ్లకూ ఒకే మాట చెప్పింది. "పనిచేస్తదనుకున్నం చాచా. చెయ్యలే. మేం తప్పు చూసినం." కొందరు పాపం అన్నారు. ఒకాయన, "ఇంక సాఫ్ట్‌వేర్ నేర్చుకో, ఫికర్ ఉండదు," అన్నాడు. ప్రతిసారీ గౌస్ భాయ్ తల వంచుకుని స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం లక్ష్మమ్మ అనే ముసలావిడ వచ్చింది. జాకెట్లు కుడుతుంది. భర్తకు రొమ్ములో నొప్పి వస్తూ పోతూ ఉందట. ఆ లైనులో అందరికన్నా ముందు నిలబడ్డది ఆవిడే. రిజ్వానా చెప్పిందంతా విని, మిషన్ మూట కింద పెట్టి ఆవిడ కూడా కూర్చుంది.

"మరి ఇప్పుడు మా ముసలోనికి నేనేం చెయ్యాలె?"

"రేపే దవాఖానల చూపించమ్మా. నొప్పి ఆగకుంట వచ్చిందంటే తెల్లారనియ్యి అని సూడొద్దు, పని అయినంక పోదమని సూడొద్దు. ఆటో ఎక్కియ్యి, దవాఖానకు తీస్కపో. ఎంత జల్దీ పోతే అంత గుండె మిగుల్తది. ఆలస్యమైతే ఏ మందు పెట్టినా పోయింది రాదు."

గౌస్ భాయ్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"గిది నిజమేనా? ఇది సుత మల్ల తప్పంటవా?" అంది లక్ష్మమ్మ.

"ఇది నిజం."

 లక్ష్మమ్మ లేచి, మిషన్ అక్కడే వదిలి, కొంగు సర్దుకుంది.

"ఇన్నొద్దులు మందు మందు అని ఎదురుచూపిచ్చిండ్రు. గీ ముచ్చట ముందుగాల చెప్పాలె గద బిడ్డా," అని, భర్తను తీసుకురావడానికి ఇంటివైపు నడిచింది.